సెలవులో లేని సిపాయి

చక్రపాణి గారు ఒక సంగతిని నమ్మాలంటే దానికి తేదీ ఉండాలి, సంతకం ఉండాలి, వీలైతే ముద్ర కూడా ఉండాలి. ముప్పై నాలుగేళ్లు సచివాలయంలో ఫైళ్లు చదివి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరై, దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో స్థిరపడిన తరవాత కూడా ఆ పద్ధతి మారలేదు. దేవుడి విషయంలోనూ ఆయన అభ్యంతరం అదే. నియామక ఉత్తర్వు కాపీ ఇంతవరకు ఎవరూ చూపించలేదనేవారు. ఆయన భార్య సూర్యప్రభ ఆ ఉత్తర్వుతో నిమిత్తం లేకుండా రోజూ దీపం పెట్టుకునేది. కరెంటు పోయిన పూట ఆ దీపం దగ్గరే కూర్చుని ఆయన పేపరు ముగించేవారు.

అలాంటి మనిషి 2011 జూన్‌లో ఒక మాట అన్నారు. తరవాత ఆరు నెలల పాటు ఆ మాటే ఆయన చేత పని చేయించింది.

"లచ్చయ్య గారూ, ఈ పుస్తకం ప్రకారం మీరు యుద్ధంలో లేరు."

లచ్చయ్య నల్లగొండ జిల్లా మనిషి. ఇంజనీరు దళంలో సిపాయిగా చేరి, హవల్దారుగా బయటికొచ్చి, ఆ తరవాత పద్దెనిమిదేళ్లు చక్రపాణి గారు పింఛను తీసుకునే బ్యాంకులో తుపాకీ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఇద్దరికీ రాష్ట్ర విభజన మీద వాదన జరిగేది. చక్రపాణి గారు కలిసి ఉండాలనేవారు, లచ్చయ్య విడిపోవాలనేవాడు. కొన్నాళ్లకు ఎవరూ మారరని ఇద్దరికీ తెలిసిపోయింది. అప్పటినుంచి ముందు వాదించుకుని, తరవాత టీ తాగడం అలవాటైంది.

మిలిటరీ క్యాంటీను కార్డుకు దరఖాస్తు నింపమని లచ్చయ్య తన డిశ్చార్జి పుస్తకం తెచ్చాడు. అది ఇంగ్లీషులో ఉండటం వల్ల అతను దాన్ని ఏనాడూ పూర్తిగా చదవలేదు. చక్రపాణి గారు మాత్రం అట్ట మీది ముద్ర నుంచి చదివారు. 1971 డిసెంబరు మూడు నుంచి అరవై రోజుల వార్షిక సెలవు అని ఒక పేజీలో ఉంది. పతకాల పేజీలో పూర్వీ స్టార్ లేదు. ఆ యుద్ధంలో తూర్పు సరిహద్దున పనిచేసినవాళ్లకు ఇచ్చిన పతకం అది.

"మెడల్ తరువాత పంపుతమన్నరు సారూ. నేను ఇంకో యూనిటుకు మారిన. ఆడికి రాలే. ఎన్కకు పడి అడగలే," అన్నాడు లచ్చయ్య. "గని లీవు రాసి ఉన్నదా? నేను లీవు మీద పోలే. స్టేషన్ దనుక పోయిన."

"స్టేషన్ నుంచి?"

"మర్లి వచ్చిన."

జరిగింది ఇదీ. మూడో తారీఖు పొద్దున సెలవు చీటీ తీసుకుని, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని అతను రైల్వే స్టేషన్‌కు వెళ్లాడు. బండి ఆలస్యం. సాయంత్రం చీకటిపడే వేళ టీ కొట్టు రేడియోలో యుద్ధం మొదలైందన్నారు. మందుగుండు మోసే లారీ ఒకటి సరిహద్దు వైపు పోతుంటే అందులో ఎక్కాడు. రెండు రోజుల తరవాత ఒక నది ఒడ్డున తన కంపెనీని కలుసుకున్నాడు. సెలవు రాసిన గుమాస్తా ఒక బండిలో, రాతపుస్తకాలు ఇంకో బండిలో, రెండూ ఎక్కడో వెనక ఉన్నాయి. వంతెన కట్టేవాళ్లెవరూ వాటికోసం ఆగలేదు.

"మీకు మంజూరైన సెలవు కదా. ఎందుకు తిరిగొచ్చారు?"

ఈ ప్రశ్న లచ్చయ్యకు వింతగా తోచింది. "మా జట్టుల పదిమందిమి సారూ. దూలం లేపాల్నంటే పదిమంది గావాలె. నేను ఇంటికి వోతే తొమ్మిదిమందే గదా!"

చక్రపాణి గారు దీన్ని నమ్మలేదు, నమ్మకపోనూ లేదు. మనసులో పెండింగులో పెట్టారు. "పతకం వచ్చినా పింఛనులో పైసా పెరగదు, తెలుసా?"

"పైసలకు కాదు సారూ. డిసెంబర్ పదహారుకు నలభై ఏండ్లు. ఎల్బీ నగర్ల మా మాజీ సైనికుల సంఘపోళ్లు సభ పెడుతున్నరు. యుద్ధం చేసినోళ్లను పేరు పిలిచి లేవమంటరట. ఇన్నొద్దులు ఎవరు అడిగినా జేసిన్నని చెప్పిన. ఇప్పుడు పుస్తకంల ఇట్లున్నదని మీరు చెప్పినంక ఎట్ల లేస్త? లేవాల్నా, కూసోవాల్నా?"

ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు చక్రపాణి గారు చేసే పని ఒక్కటే. సైన్యం రికార్డుల ఆఫీసుకు అర్జీ రాశారు. అందులో విశేషణం ఒక్కటీ లేదు, అచ్చుతప్పు అంతకన్నా లేదు.

సెప్టెంబరు పదిహేనున రికార్డుల ఆఫీసు నుంచి జవాబొచ్చింది. అప్పటికి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు రోజులైంది. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో బస్సులు కూడా రేపోమాపో ఆగుతాయంటున్నారు. చక్రపాణి గారు స్కూటరు మీద మన్సూరాబాద్ వెళ్లి, లచ్చయ్య ఇంటి వరండాలో కూర్చుని ఉత్తరాన్ని తెలుగు చేసి వినిపించారు. రికార్డు ప్రకారం అర్జీదారు యుద్ధకాలంలో సెలవుపై ఉన్నాడు. కాదంటే ఆనాటి లిఖితపూర్వక సాక్ష్యం అక్టోబరు ఏడులోగా పంపాలి. సాక్ష్యం గ్రామంలో పుట్టిన పత్రమైతే ఆ మండలం తహసీల్దారు ధ్రువీకరించాలి. గడువు దాటితే అర్జీ ముగిసినట్టే.

"మీరు సెలవు మీద ఇంటికి వెళ్లలేదని చెప్పగల కాగితం ఏదైనా ఉందా?" అని అడిగారు.

లచ్చయ్య తల అడ్డంగా ఊపాడు. గడపలో కూర్చుని గోకరకాయలు గిల్లుతున్న అతని భార్య కిష్టమ్మ చేతిలో కాయ చేతిలోనే ఆపింది.

"ఏంది సారూ, ఈన లీవుల ఉన్నడని రాసిర్రా? ఎవడు రాసిండు?"

"సర్కారు పుస్తకంలో ఉందమ్మా."

"వాని చెయ్యిరగ! లీవుల ఉంటే నా లగ్గం ఆగునా? డిసెంబర్ ఎనిమిది, బేస్తారం ముందురోజు, బుధారం. పందిరేసిర్రు. నన్ను పసుపు రాసి, బాసింగం గట్టి కూసోబెట్టిర్రు. పదూర్ల సుట్టాలు వచ్చిర్రు. వాయిద్యాలోళ్లు వచ్చిర్రు. పిల్లగాడే రాలె!"

"ఇప్పుడెందుకే అయన్ని?" అన్నాడు లచ్చయ్య, గోడ వైపు చూస్తూ.

"ఇప్పుడు గాకుంటే ఎప్పుడు? సారు కాయితం అడుగుతుండు. నా కాడ ఉన్నది కాయితం."

ఆమె లోపలికెళ్లి, పెట్టె అడుగునుంచి ఒక గుడ్డసంచి తెచ్చింది. అందులో పట్వారీ చేతిరాతతో ఉన్న ఠావు కాగితం ఉంది. కింద అయిదు వేలిముద్రలు, రెండు సంతకాలు, ఒక రెవెన్యూ స్టాంపు. అది కులపెద్దల పంచాయతి తీర్మానం. 1971 డిసెంబరు ఎనిమిదిన జరగవలసిన లగ్నానికి పెండ్లికొడుకు లచ్చయ్య హాజరు కాలేదు. తండ్రిని అడుగగా కొడుకు ఇంటికి చేరలేదని, జాడ తెలియదని చెప్పినాడు. పెండ్లికూతురి తరఫువారికి అవమానం జరిగినది. సదరు లచ్చయ్య వచ్చిన వెంటనే ఊరందరి సమక్షమున తప్పు ఒప్పుకోవలెను. ఆ కాగితానికి గుండుసూదితో ఇంకో కాగితం గుచ్చి ఉంది. సైనికులకు ఉచితంగా ఇచ్చే ఉత్తరం అది, యుద్ధరంగపు తపాలా ముద్రతో, యూనిటు నంబరుతో, డిసెంబరు ఏడు తేదీతో. లోపల వంకర అక్షరాల్లో రెండే వాక్యాలు: లడాయి అయినందున లీవు మీద రాలేను. లగ్గం ఆపుండ్రి.

"లగ్గమైపోయే రోజు దాటినంక పది దినాలకు వచ్చింది ఉత్తరం. పెద్దమనుషులు దీనికే గుచ్చి మా నాయనకిచ్చిర్రు," అంది కిష్టమ్మ.

"ఇదింక సింపలేదానే నువ్వు? నలభై ఏండ్లాయె!"

"ఎందుకు సింపుత? నా ఇజ్జత్ కాయితం. నువ్వు ఊరి ముంగట చేతులు గట్టుకొని నిలబడ్డ కాయితం. నువ్వు ఎప్పుడు ఎక్కువ మాట్లాడినా మనసుల ఇది ఒక్కసారి సదువుకుంట."

చక్రపాణి గారు ఈ సంభాషణ వినడం లేదు. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, ముద్రలో అంకెలు ఒక్కొక్కటే చదువుతున్నారు. మంచి మామిడిపండు తింటున్నవాడి ముఖం ఎలా ఉంటుందో అప్పుడాయన ముఖం అలా ఉంది. తన ఉద్యోగంలో వేల సాక్ష్యాలు చూశారు. వాటిలో చాలా వాటిని లబ్ధి పొందేవాళ్లే రాయించుకున్నారు. ఇది మాత్రం ఆ మనిషిని తిట్టడానికి, అతని మీద కోపంతో ఉన్నవాళ్లు, అతను లేనప్పుడు రాసిన కాగితం. నలభై ఏళ్లుగా అతనికి వ్యతిరేకంగానే భద్రపరచబడింది. ఇంతకన్నా నమ్మదగిన పత్రం సచివాలయంలో కూడా ఉండదు.

"అమ్మా, మీ కాగితం బంగారం," అన్నారు.

"నాకెర్కే," అంది కిష్టమ్మ, మళ్లీ గోకరకాయలు అందుకుంటూ.

ఇక మిగిలింది ధ్రువీకరణ. లచ్చయ్య ఊరి మండలానికి తహసీల్దారు జ్యోతిక అనే ఆవిడ. ఆమె కాపురం ఎల్బీ నగర్‌లోనే. రోజూ ఇక్కడినుంచే ఆ మండలానికి వెళ్లివచ్చేది. ఇప్పుడు మాత్రం వెళ్లడం లేదు. ఆఫీసుకు తాళం వేసి, ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గరి సమ్మె శిబిరంలో కూర్చుంటోంది. రెండు వారాలు చూశారు. సమ్మె ఆగే సూచన లేదు. గడువు వారంలోకి వచ్చేసరికి, చక్రపాణి గారు లచ్చయ్యతో చెప్పకుండా, ఫైలు చంకన పెట్టుకుని బయల్దేరారు. ఆ రోజు ఆటోలు కూడా బందులో చేరాయి. స్కూటరు పెట్రోలు కోసం నిలబడే ఓపిక లేక, కొత్తపేట పండ్ల మార్కెట్ మీదుగా నడిచే వెళ్లారు.

చౌరస్తాలో ఆనాడు వంటావార్పు. రోడ్డు మీదే మూడు రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద డేగిసాల్లో అన్నమూ పప్పూ వండుతున్నారు. జాతీయ రహదారి మధ్యలో ఎవరో చాప పరిచి కూరగాయలు తరుగుతున్నారు. పప్పు డేగిసా దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డవాడు లచ్చయ్యే. అతన్ని చూసి చక్రపాణి గారు ఒక ఫ్లెక్సీ చాటుకు తప్పుకున్నారు కాని, సమ్మెలో ఉన్న కండక్టరు జంగయ్య పట్టేశాడు. వాళ్ల రూటు బస్సులో పదేళ్లు టికెట్టు కొట్టిన మనిషి.

"ఓ సారూ! మీరేంది ఇట్ల? తొవ్వ తప్పిండ్రా?"

"పనుండి వచ్చానయ్యా."

"గుంటూరు సారు వచ్చిండు, జరుగుండ్రి! పప్పుల కారం సరిపోయిందో లేదో మీరే చెప్పాలె సారూ."

"మాది తెనాలి," అన్నారు చక్రపాణి గారు. న్యాయం కోసం, "జిల్లా గుంటూరే," అని చేర్చారు. అందరూ నవ్వారు. ఎవరో ఆకులో పప్పు వేసి తెచ్చారు. కారం సరిపోయిందని ఆయన ధ్రువీకరించారు.

జ్యోతిక టమాటాలు తరుగుతోంది. ముప్పై అయిదేళ్లుంటాయి. విషయం చెప్పగానే కత్తిపీట పక్కకు జరిపింది.

"సార్, నేను పెన్‌డౌన్. నిన్న మా అత్తమ్మ తెచ్చిన కాయితం మీదనే సంతకం పెట్టలే. ఇంట్ల ఇంకా మాటల్లేవు."

"పెట్టమని బలవంతం చేయను. ఒకసారి చదవండి."

ఆమె చేతులు తుడుచుకుని చదివింది. పంచాయతి తీర్మానం చదువుతూ నవ్వింది. కింది ఉత్తరం చదివాక నవ్వు ఆపింది.

"లచ్చయ్య కాకదా ఇది? రోజు మాకు అన్నం వడ్డిస్తడు. ఒక్కమాట చెప్పలే!" అంది. "అయినా ఇది మన సర్కారు పని కాదు గదా, మిలిట్రీ పని. పెడ్త సార్. పెన్నుందా?"

చక్రపాణి గారు పెన్ను తీశారు. మూత విప్పేలోగా గరిటె అడ్డం వచ్చింది.

"వద్దు బిడ్డా," అన్నాడు లచ్చయ్య. గరిటె నుంచి పప్పు కారుతోంది. "సారూ, ఎవరు రమ్మన్నరు మిమ్ముల?"

"గడువు ఏడో తారీఖు. ఇవాళ ఒకటి. పోస్టుకు నాలుగు రోజులు. మీరు లెక్కవేసుకోండి."

"ఏసుకున్న. రాకుంటే రాకపాయె. సభల కూసుంట. కాళ్ల నొప్పులున్నయి, కూసుంటేనే మంచిగ."

"కాకా, ఒక్క సంతకంతోని సమ్మె ఏం ఆగదు," అంది జ్యోతిక.

"నీది ఒక్కటే బిడ్డా. రేపు ఇంకొకరు వస్తరు, మంచి కారణంతోనే వస్తరు. ఆళ్లకు ఏం చెప్తవు? లచ్చయ్యకు పెట్టిన, నీకు పెట్ట అంటవా? నీ నోరు పోతది. నా ఒక్కని మెడల్ కోసం నీ నోరు పోవద్దు." అని చక్రపాణి గారి వైపు తిరిగాడు. "పప్పు మాడుతది సారూ. తిని పోండ్రి."

తినకుండా వెళ్లనివ్వలేదు. తిరుగుదారిలో చక్రపాణి గారికి కోపం వచ్చింది. చైతన్యపురి దాటేదాకా అది తగ్గలేదు. ఈ సమ్మె తనకు ఇష్టం లేదు, దాని ఉద్దేశం ఇష్టం లేదు, దానివల్ల ఆగిపోతున్నది ఆ సమ్మెను నెత్తిన పెట్టుకున్నవాడి పనే. ఇంత అసంబద్ధమైన ఫైలు ఆయన చూడలేదు. అయితే కోపం చల్లారే చోట ఒక ఆలోచన ఎదురైంది. చేతికందిన సెలవు చీటీని పట్టుకుని, ఎవరూ పిలవకపోయినా, జట్టులో ఒకడు తక్కువవుతాడని మళ్లి వెళ్లిన సిపాయి ఎలా ఉంటాడో జూన్ నుంచి ఊహించుకోవడానికి ప్రయత్నిస్తున్నారు. ఇవాళ కళ్లారా చూశారు. తేదీ లేదు, ముద్ర లేదు, ఏ ఆఫీసూ దీన్ని సాక్ష్యంగా స్వీకరించదు. అయినా పెండింగులో ఉన్న ఆ ఫైలును ఆయన దిల్‌సుఖ్‌నగర్ చేరేలోగా మనసులో మూసేశారు.

ఇంటికి రాగానే టైపు మిషను ముందు కూర్చున్నారు. గడువు పొడిగించమని కోరే ఉత్తరం. కారణం ఏమని రాయాలి? అనారోగ్యం అని రాయవచ్చు, పత్రం దొరకలేదనవచ్చు. అబద్ధాలు ఆయనకు రావు. వచ్చినా లచ్చయ్య సంతకం పెట్టడు. చివరికి ఉన్నదున్నట్టు రాశారు. పత్రం సిద్ధంగా ఉంది, నకలు జతచేశాం. ధ్రువీకరించవలసిన అధికారి ఈ ప్రాంతంలో జరుగుతున్న సార్వత్రిక సమ్మెలో ఉన్నారు. వ్యక్తిగత అవసరం కోసం ఆమె సమ్మె నియమాన్ని సడలించడానికి అర్జీదారు అంగీకరించడం లేదు. అర్జీదారు కూడా ఆ సమ్మెలో పాల్గొంటున్నాడు, దాని ఉద్దేశం న్యాయమైనదని అతని విశ్వాసం.

సూర్యప్రభ వెనకనుంచి చదివింది. "న్యాయమైనదని మీరే టైపు కొడుతున్నారే! ఉద్యమంలో చేరిపోయారన్నమాట."

"అతని విశ్వాసం అని రాశాను. కళ్లజోడు పెట్టుకుని చదువు."

"చదివాను లెండి. పప్పు వాసన కూడా వస్తోంది మీ చొక్కా నుంచి."

లచ్చయ్య ఉత్తరం అంతా తెలుగులో విని, మిలిట్రీకి సమ్మె మాట రాస్తే కోపం చేస్తరేమోనని ఒకసారి అనుమానపడి, నిజమే గదా అని సంతకం పెట్టాడు. తపాలా ఆఫీసు సమ్మెలో లేదు. స్పీడ్‌పోస్టు సోమవారమే వెళ్లింది.

పదిహేడు రోజులకు జవాబు వచ్చింది. నాలుగే లైన్లు. నకలు పరిశీలించాం, మూలపత్రం ధ్రువీకరణతో, సమ్మె ముగిసిన ముప్పై రోజులలోగా పంపవచ్చును. ఆ నాలుగు లైన్లలో ఎక్కడా కోపం లేదు. సంతకం చేసిన అధికారి పేరు కింద పెన్నుతో ఒక్క వాక్యం అదనంగా ఉంది: అర్జీదారు వైఖరిని గమనించడమైనది. చక్రపాణి గారు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివారు. ఆఫీసు భాషలో అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఉండదని లచ్చయ్యకు వివరించడానికి పావుగంట పట్టింది.

అక్టోబరు ఇరవై నాలుగున సమ్మె ఆగింది. మర్నాడే ఇద్దరూ ఎల్బీ నగర్‌లో నల్లగొండ బస్సెక్కారు. జంగయ్యే కండక్టరు కావడం కాకతాళీయమని చక్రపాణి గారి అభిప్రాయం. నలభై రెండు రోజుల తరవాత తాళం తీసిన ఆఫీసులో, దుమ్ము కూడా తుడవని బల్ల మీద, జ్యోతిక ఆకుపచ్చ సిరాతో పెట్టిన మొదటి సంతకం పంచాయతి తీర్మానం మీదే పడింది. మూలపత్రం వాపసు వస్తుందని చక్రపాణి గారు రాతపూర్వకంగా హామీ ఇచ్చాకే, డిశ్చార్జి పుస్తకంతో కలిపి పోస్టు చేయడానికి కిష్టమ్మ దాన్ని చేయి విడిచింది.

డిసెంబరు తొమ్మిదిన రిజిస్టరు పోస్టులో డిశ్చార్జి పుస్తకం, దానితోపాటు కిష్టమ్మ కాగితం తిరిగొచ్చాయి. లచ్చయ్య దంపతులు కవరు విప్పకుండానే దిల్‌సుఖ్‌నగర్ తెచ్చారు. సూర్యప్రభ అందరికీ కాఫీ పెట్టింది. చక్రపాణి గారు పుస్తకాన్ని పేజీ పేజీ పరీక్షించారు. సెలవు అన్న వాక్యం మీద ఎర్రసిరాతో అడ్డగీత ఉంది. గీత చివర పొడి సంతకం, తేదీ, ముద్ర. పతకాల పేజీలో కొత్త వాక్యం ఉంది: పూర్వీ స్టార్. పతకం విడిగా పంపుతారట.

"ఏమున్నది సారూ?"

"మీరు సెలవులో లేరు. యుద్ధంలో ఉన్నారు. పదహారో తారీఖున లేచి నిలబడండి."

కిష్టమ్మ తన కాగితాన్ని వెంటనే సంచిలో పెట్టేసుకుంది. లచ్చయ్య మాత్రం సంతోషించవలసినంత సంతోషించలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి చొక్కా లోపలి జేబులోనుంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీశాడు.

"సారూ, ఇప్పుడు లీవు కొట్టేసిర్రు గదా. మరి ఇదెట్ల?"

అది రైల్వే వారంటు. సెలవు మీద వెళ్లే సైనికుడు స్టేషన్‌లో ఇచ్చి టికెట్టు తీసుకునే చీటీ. 1971 డిసెంబరు మూడు తేదీ, లచ్చయ్య నంబరు, పేరు, ప్రయాణం మొదలయ్యే స్టేషన్, ముగిసే స్టేషన్. ఆఫీసరు సంతకం. గుండ్రటి ముద్ర. టికెట్టుగా మార్చినట్టు స్టేషన్‌వాళ్లు నింపవలసిన గడి ఖాళీగా ఉంది.

"వాడని వారంటు వాపసు ఇయ్యాలె సారూ. ఇయ్యకుంటే శిక్ష. లడాయిల మర్చిన. తరువాత ఇస్తే ఇన్నొద్దులు ఎందుకు పెట్టుకున్నవంటరని భయమైంది. నలభై ఏండ్లాయె, ఎవరికీ చూపియ్యలే. ఈమెకు గూడ తెల్వది."

చక్రపాణి గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. జూన్‌లో ఇది బల్ల మీద పెట్టి ఉంటే రెండు వాక్యాల అర్జీతో, వారం రోజుల్లో, ఏ పంచాయతీ లేకుండా, ఏ తహసీల్దారూ లేకుండా పని ముగిసిపోయేది. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచారు. మాటకు బదులు నవ్వు వచ్చింది. ఆయన నవ్వు అంత పెద్దదని సూర్యప్రభకు కూడా ఆనాడే తెలిసింది.

"నా పెట్టెను నలభై ఏండ్ల సంది ఆడిపోసుకున్నవు, నీ జేబుల ఇదున్నదా!" అంటోంది కిష్టమ్మ.

"నవ్వుడు కాదు సారూ. సర్కారుకు రాయాల్నా? శిక్ష ఏమన్న పడ్తదా?"

"అక్కర్లేదు లచ్చయ్య గారూ," అన్నారు చక్రపాణి గారు, కళ్లు తుడుచుకుని. "మీరు ఎక్కని రైలుకు ప్రభుత్వం చార్జీ కట్టలేదు. ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ రాయక్కర్లేదు. నా మాట నమ్మండి."

లచ్చయ్య ఆరు నెలలుగా ఈ సారుతో తిరుగుతున్నాడు.

"నమ్ముత సారూ," అన్నాడు. "గని గట్లనే జర కాయితం మీద రాసిస్తరా? కింద సంతకం పెట్టి?"

చక్రపాణి గారు లేచి టైపు మిషను మీది గుడ్డ తీశారు.